పాండేసరలో పెండ్లి, పుస్తకంలో పెళ్ళి

ప్రాథమిక విద్య మాతృభాషలో సాగాలన్న విషయమై రాజధానిలో భిన్నాభిప్రాయం అంతగా వినిపించదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ఆ సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని నిర్దేశిస్తున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం, వీలైనంతవరకు కనీసం అయిదవ తరగతి దాకా ఇంటిభాషలోనే బోధన జరగాలన్నది. అయితే ఎవరి ఇంటిభాష అన్న ప్రశ్నను మాత్రం అరుదుగానే వింటున్నాను.

సూరత్ నగరంలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. అద్దకం, ప్రింటింగు మిల్లులకు పేరుపడిన పాండేసరలోనూ, సమీపంలోని ఉద్నా, లింబాయత్ ప్రాంతాలలోనూ తెలుగు కుటుంబాలు స్థిరపడినవి. వీరిలో అధికులు మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ జిల్లాలనుంచి తరలివచ్చిన పద్మశాలీలు. సూరత్ నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఇది అభినందించదగిన విషయం.

కాని ఆ ఇండ్లలో వినబడేది ‘పెండ్లి’, ‘కండ్లు’, ‘ఒచ్చిండు’. కృష్ణా, గోదావరి మండలాల విద్యావంతుల వాడుకపై రూపొందిన రచనాభాషలో కనబడేది ‘పెళ్ళి’, ‘కళ్ళు’, ‘వచ్చాడు’. మొదటివి తప్పులనీ, రెండవవి ఒప్పులనీ పిల్లవాడికి నూరిపోస్తే అది భాషాచరిత్రకే విరుద్ధం. ‘పెండ్లి’ ప్రాచీన కావ్యభాషలోని రూపమే. కోస్తా ఉచ్చారణలో అది ‘పెళ్ళి’ అయింది. రాయలసీమవాసి ‘వచ్చినాడు’ అంటాడు. ఈ రూపాలలో ఏదీ మరొకదానికి వికృతి కాదు.

ఈ విషయంలో సూరత్ స్థానికులే మనకు ఆదర్శం. సూరతీ గుజరాతీలో సకారం తరచు హకారమవుతుంది. సొంత నగరాన్నే వారు ‘హురత్’ అంటారు. పుస్తకంలో ‘సూరత్’ అనే రాస్తారు. ఆ పలుకుబడి వల్ల గుజరాతీకి వచ్చిన నష్టమేమీ లేదు.

పరీక్షలకూ, పత్రికలకూ, పాలనకూ ఏకరూపమైన రచనాభాష అవసరమే. దానిని నేర్పవలసిందే. అయితే ఇంటిమాటను గేలిచేసి నేర్పితే ఫలితం వేరుగా ఉంటుంది. ఒడియా, మరాఠీ, హిందీ కలగలిసిన కార్మికవాడలో, తన తెలుగు తెలుగే కాదన్న భావం కలిగిన బాలుడు కోస్తా ఉచ్చారణ వైపు మళ్ళడు, హిందీలోకి జారుకుంటాడు. తరువాత తెలుగుబడిలో చేరడానికి పిల్లలెవరు మిగులుతారు? 2001 జనగణనలో మాతృభాషల వరుసలో మూడవదిగా ఉన్న తెలుగు, 2011 నాటికి 8.11 కోట్లమందితో మరాఠీ వెనుక నాలుగవ స్థానానికి చేరింది. జనగణనలో ‘ఇండ్లు’ అనేవారూ, ‘ఇళ్ళు’ అనేవారూ తెలుగువారిగానే నమోదవుతారు. ఆ సమానత్వం తరగతిగదిలోనూ ఉండవద్దా?

పరిష్కారం వ్యయప్రయాసలతో కూడినది కాదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ‘పెండ్లి’, ‘పెళ్ళి’ పక్కపక్కన రాసి, రెండూ మనవేనని చెబితే చాలు. 350-బి అధికరణం ప్రకారం భాషాల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి నివేదికలు పార్లమెంటు ఉభయసభల ముందుకు రావాలి. తెలంగాణ ప్రభుత్వం కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా పాటిస్తున్నది. రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులూ ఆ నివేదికలను అడిగి, సూరత్ వంటి చోట్ల తెలుగుబడులకు పుస్తకాలూ, ఉపాధ్యాయులూ ఏ మేరకు అందుతున్నవో ప్రశ్నోత్తరాల సమయంలో నిలదీస్తే, ఆ దినోత్సవానికి పాండేసరలోనూ అర్థముంటుంది.