సాక్సోఫోన్ మనది కాదని ఎవరన్నారు?

మన సంస్కృతిని కాపాడుకోవాలని మన కుటుంబాల్లో అందరం అంటుంటాం. కాపాడటమంటే తలుపులు వేసుకోవడమని కొందరి ఉద్దేశం. తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లం మేము. ఆ మాట మాకు నచ్చకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ఈమధ్య ఇక్కడ ఒక చిన్న హాల్లో నలుగురు సాక్సోఫోన్ కళాకారుల కచేరీకి పిల్లల్ని తీసుకెళ్లాం. అన్నీ ఈ కాలపు రచనలే. ఆ సంగతి చెబితే బంధువుల్లో ఒకరు అడిగారు: "ఆ బ్యాండు గోల మనకెందుకండీ? ఆ టైముకి పిల్లలచేత రెండు కీర్తనలు పాడించకూడదా?" తీసిపారేయాల్సిన ప్రశ్నేం కాదు. తెలుగు చదవడం రాని పిల్లలకు ఆ భాష అందే దారుల్లో కీర్తన ఒకటి. వారానికి ఆదివారం ఒక్కటే కదా మరి.

అయితే ఆ కీర్తన మనదాకా ఎలా వచ్చిందో చూడండి. ఫిడేలు యూరప్ నుంచి వచ్చింది. బాలస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. మాండలిన్ కూడా బయటిదే. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చేతిలో అది మనదైంది. బెల్జియం వాడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్న సాక్సోఫోన్‌ని మన రాష్ట్రంవాడే కద్రి గోపాల్‌నాథ్ కచేరీ వేదిక ఎక్కించారు. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం చూసి ముచ్చటపడి, గమకాలు పలికించడానికి ఏళ్లు కష్టపడ్డారు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు. తెలుగు కీర్తన, తుళు నేల మనిషి ఊపిరి, బెల్జియం వాద్యం! ఇందులో తలుపులు వేసుకున్నదెవరు?

ఇక నలుగురూ కలిసి వాయించడం సంగతి. సొప్రానో, ఆల్టో, టెనార్, బారిటోన్: ఒకే వాద్యం, నాలుగు సైజులు. ఫ్రాన్సులో మార్సెల్ మ్యూల్ 1928లో ఇలాంటి బృందం కట్టారు. 1932లో గ్లాజునోవ్ వీటికోసం ఒక పెద్ద రచన చేశారు. 1987లో జెనాకిస్ 'క్సాస్' రాశారు. ఇంగ్లీషులో సాక్స్ అక్షరాలు తిరగేస్తే ఆ పేరు వస్తుంది.

మేము విన్నవన్నీ చెవికి ఇంపుగా లేవు. ఒకచోట మీటల టకటకలు, ఇంకోచోట ఒకే గొట్టంలోంచి రెండు మూడు స్వరాలు. మా అమ్మకైతే సగం నచ్చలేదు, ఆ మాట అక్కడే అనేసింది. కానీ పిల్లలు ఒకటి పట్టుకున్నారు. మన కచేరీలో ప్రధాన కళాకారుడు ఒకరు, మిగతావాళ్లు పక్కవాద్యాలు. ఇక్కడ పెద్దరికం క్షణానికొకరి చేతికి పోతుంది. తాళం వేసేవాళ్లు లేరు, శ్రుతిపెట్టె లేదు. పక్కవాడి ఊపిరి విని వాయించాలి. ఇలా చెవి పెట్టి వినడం అలవాటైన పిల్ల రేపు కీర్తననూ శ్రద్ధగానే వింటుంది.

సాక్సోఫోన్ వచ్చి నాదస్వరం వాళ్ల పొట్ట కొట్టిందని ఇంకో ఫిర్యాదు. ఆ బాధ మాకూ ఉంది. కానీ మన పిల్లల పెళ్లిళ్లలో ముహూర్తానికి రికార్డు పెట్టేసి, తప్పు సాక్సోఫోన్‌ మీదికి తోయడం న్యాయం కాదు. మేళం పిలవండి, మంచి సంభావన ఇవ్వండి.

మీ ఊరికి ఇలాంటి కచేరీ వస్తే ఒకసారి వెళ్లండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు ఆ ముచ్చట్లన్నీ పిల్లలతో తెలుగులో ఆడుకోండి. మన భాషకు ఆ అరగంట కబుర్లు కూడా కావాలి.