పసుపుకుంకుమల పొలము

మిర్చి కల్లములలో నెండుచుండగనే, ప్రత్తి తీతలు పూర్తిగా ముగియకముందే, మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో మాఘఫాల్గుణముల పెండ్లిమాటలు మొదలగును. పిల్ల తండ్రి "పసుపుకుంకుమల క్రింద రెండెకరము లిచ్చుచున్నాము" అనును. పెద్దలు తలలూపుదురు. పెండ్లి యగును. ఆ రెండెకరములను పిల్ల యన్నగారే దున్నుచుండును. ఏటేట కౌలని కొంత పైకమో, రెండు బస్తాల మిర్చియో చెల్లెలి యింటికి పంపుచుండును. తండ్రి బ్రతికియున్నంతకాలము ఈ యేర్పాటు చక్కగనే నడచును. ఆయన పోయిన యేడాదికి పట్టాదారు పాసుపుస్తకము కుమారుని పేర మారును, కౌలు ఆగును. తన పొలమునకు కాగితమే లేదని యామెకు తెలియుట అప్పుడే.

స్థిరాస్తిని దానమిచ్చినచో దాత సంతకముతో, ఇద్దరు సాక్షులతో రిజిస్టరైన దస్తావేజు ఉండితీరవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 123వ సెక్షను విధించుచున్నది. పెండ్లిపందిటిలో నూరుగురి యెదుట పలికిన మాటయైనను ఈ విధిని దాటజాలదు. ప్రత్తి విత్తనముల పొట్లము కొని రసీదు లేనిదే దుకాణము కదలని రైతు, కుమార్తెకిచ్చిన పొలమునకు దస్తావేజు వ్రాయింపకుండుటను మేము మరపు అనలేకున్నాము.

ఇది దానమును గూర్చిన మాట. కుమార్తెకు న్యాయముగా రావలసిన భాగము వేరే యున్నది. భూమిపై స్త్రీకి హక్కు ఎంత మెల్లగా వచ్చినదో పాఠకులు గమనింతురుగాక. విధవకు కుమారునితో సమానముగ భాగమొసగిన 1937 నాటి చట్టము సాగుభూములకు వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చెను. ఇంటిలో భాగము కలదు, చేనిలో లేదు! పొలమే సర్వస్వమైన మనవంటి ప్రాంతమున అట్టి హక్కువలన ఎవరికేమి ప్రయోజనము? ఆ లోపమును మద్రాసు శాసనసభ 1947లో సవరించెను. అప్పటికిని ఆమెకు దక్కినది బ్రతికినంతకాలపు అనుభవమే. ఇష్టమువచ్చినట్లు అమ్ముకొను అధికారము లేదు.

1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తొలగించెను. దాని యర్థమును సుప్రీంకోర్టుచేత తేల్పించినది మన పొరుగు నెల్లూరిసీమ విధవ యొకరు. తులశమ్మగారు 1944లో మనోవర్తికై నెల్లూరు మున్సిఫు కోర్టు మెట్లెక్కిరి. 1949 నాటి రాజీలో బ్రతికినంతకాలము అనుభవించుటకు మాత్రమే కొంత ఆస్తి లభించెను. 1961లో అందు కొంత అమ్మగా భర్త సోదరుడు దావా వేసెను. ఆమెయే సంపూర్ణ స్వామిని యని సుప్రీంకోర్టు 1977 మార్చి 17న తీర్పు చెప్పెను. మనోవర్తి యడిగిన నాటినుండి ముప్పదిరెండేండ్లు గడచినవి!

విధవకు మేలుచేసిన ఆ చట్టము కుమార్తె విషయమున సగములోనే యాగెను. ఒక లెక్క చూతము. పిత్రార్జితము పండ్రెండెకరములు, తండ్రి, ఒక కుమారుడు, ఒక కుమార్తె, తల్లి ముందే గతించినది. 1956 పద్ధతిలో తండ్రికి ఆరు, కుమారునికి ఆరు. తండ్రి వీలునామా లేక మరణించినచో ఆయన ఆరింటిలో మూడు మాత్రమే కుమార్తెకు వచ్చును. కుమారునికి మొత్తము తొమ్మిది. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వకాలమున ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కుమార్తెను జన్మముచేతనే భాగస్వామినిగా నొనర్చెను. అప్పుడు ముగ్గురికి నాలుగేసి యెకరములు. తండ్రి భాగమును గూడ పంచుకొనగా చెరి యారు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు మన తరువాతనే యీ త్రోవ పట్టినవి. అయినను అందొక కొరత యుండెను. ఆ తేదీకే వివాహమైనవారికి అది వర్తింపలేదు; ఒకే యింట అక్కకు లేదు, చెల్లెలికి కలదు. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తీసివేసెను. ఆనాటికి తండ్రి జీవించియుండనవసరము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టపరచెను. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుచేతనో, కోర్టు డిక్రీచేతనో జరిగిన పంపకములు చెదరవు. నోటిమాటగా ఏనాడో పంచుకొంటిమను వాదము మాత్రము ఇక సులభముగ నిలువదు.

మరి యిప్పటి మన సంసారములలో జరుగుచున్నదేమి? తండ్రి పోయిన పిమ్మట అక్కచెల్లెండ్రను కారెక్కించి సబ్‌రిజిస్ట్రారు కచేరీకి తీసికొనిపోయి హక్కువిడుదల దస్తావేజుపై సంతకము చేయించుచున్నారు. చీరె, సారె యిచ్చి పంపుచున్నారు. పుట్టింటి గడప మూసికొనిపోవునను భయముననే పెక్కుమంది సంతకము చేయుచున్నారు. అన్నదమ్ములను అడిగినచో "కట్నమిచ్చితిమి గదా" అందురు. కట్నమిచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 చట్టముచే నేరములు. నేరమును తామే యొప్పుకొని దానినే భాగమునకు చెల్లువేయుట వింతగానున్నది. భూమి ముక్కలగునని మరికొందరందురు. నలుగురు కుమారులు పంచుకొన్నప్పుడు ఈ విచారము ఎవ్వరికిని కలుగుట మేమెరుగము.

దీని ఫలము అన్నిటికంటె కఠినముగ పడునది రైతు విధవలపైన. 1987–88లో తెల్లదోమ మన ప్రత్తిని నాశనము చేసినపుడు అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతులను ఈ సీమ మరువలేదు. అట్టివాని భార్యకు బ్యాంకు నడుగుటకైనను, ప్రభుత్వము నడుగుటకైనను కాగితము కావలెను. మామగారి పేరనే యున్న పాసుపుస్తకము ఆమెకు పనికిరాదు. నిజమునకు పిత్రార్జితములో భర్తకుగల భాగమునకు ఆమెయు, బిడ్డలును వారసులు. మామగారు వీలునామా లేక మరణించినచో, ముందే గతించిన కుమారుని భార్యాబిడ్డలుగా ఆయన ఆస్తిలోను వారికి భాగము కలదు. పల్లెలో ఈ మాట ఆమెకు చెప్పువారెవరు?

బిడ్డల మాట వేరుగ చెప్పవలెను. తండ్రి లేని మైనరులకు తల్లియే సహజ సంరక్షకురాలు. మైనరుకు ప్రత్యేకముగా సంక్రమించిన పొలమును ఆమెయైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదని 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము చెప్పుచున్నది. అప్పులవాండ్ర యొత్తిడికి ఆమె అమ్మినను, మేజరైన మూడేండ్లలోపల ఆ బిడ్డ దానిని రద్దుచేయ గోరవచ్చును. చౌకగా వచ్చినదని యట్టి చేను కొనుచున్న పట్టణవాసులును ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

ప్రభుత్వమును మేము కోరునది ఒక్కటి. తండ్రి మరణానంతరము పాసుపుస్తకము మార్చుటకు ముందు కుటుంబసభ్యుల పట్టికలో కుమార్తెల పేర్లను, ముందే గతించిన కుమారుల భార్యాబిడ్డల పేర్లను తహశీలుదారు తప్పక వ్రాయింపవలెను. వారికి స్వయముగ నోటీసు చేర్పింపవలెను. విడుదల దస్తావేజు రిజిస్టరు చేయునపుడు ఆమె వదలుకొనుచున్న దెన్ని యెకరములో, ఎన్ని సెంట్లో ఆమెకు తెలుగున చదివి వినిపింపవలెను, అన్నదమ్ములు ప్రక్కన లేకుండగ.