ఐదు వేల బేస్ గిటారు

మా ఇంట్లో ఒక ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద తువ్వాళ్ళు బాగా ఆరతాయి. అటక మీద డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉంది, రెండు లెన్సులతో సహా. బీరువా పక్కన నల్లపెట్టెలో ఒక గిటారు, ఆన్‌సైట్ నుంచి వచ్చేటప్పుడు 600 డాలర్లు పోసి కొన్నది. పదకొండేళ్ళలో దాన్ని బయటికి తీసింది పట్టుమని పదిసార్లు ఉండదు. గీత పడుతుందని భయం మరి. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి, మొహమాటపడకండి. ఏదైనా నేర్చుకోవాలనిపిస్తే మన ఐటీవాళ్ళం ముందు నెల్లాళ్ళు రివ్యూలు చదువుతాం, ఎక్సెల్ షీటులో పోలుస్తాం, "ఎలాగూ కొంటున్నాం కదా, మంచిదే కొందాం" అనుకుంటాం. ఉన్న ఉత్సాహమంతా కొనడంలోనే ఖర్చయిపోతుంది.

ఈసారి ఆ తప్పు చెయ్యలేదు. సంక్రాంతి ముందు మారతహళ్లిలో ఒక కుర్రాడు ఇల్లు ఖాళీ చేస్తూ బేస్ గిటారు అమ్ముతుంటే వెళ్ళాను. ఆరు వేలన్నాడు, ఐదన్నాను, సరే తీసుకోండన్నాడు. ఒంటినిండా గీతలు, ఒక మూల పెచ్చు లేచింది, వెనకాల సగం పీకేసిన స్టిక్కరు. మా ఆవిడ చూసి, "దీనికి మీరు డబ్బులిచ్చారా, వాళ్ళే ఎదురిచ్చారా?" అంది.

బేస్ అంటే తెలియనివాళ్ళ కోసం: నాలుగే తీగలు. ఇ, ఏ, డి, జి. గిటారులోని నాలుగు లావు తీగలకి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతాయి. అన్నిటికన్నా లావు తీగని ఊరికే మీటితే సెకనుకి సుమారు 41 కంపనాలు. అంతకుముందు మనిషెత్తు డబుల్ బేస్ మోసుకు తిరిగేవాళ్ళ కోసం లియో ఫెండర్ 1951లో మెడలో వేసుకునే ఎలక్ట్రిక్ బేస్ తెచ్చాడు. వీణకున్నట్టు దీనికీ మెట్లుంటాయి, స్వరం కచ్చితంగా పడుతుంది, అందుకే దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. పాటలో ఇది ఉన్నట్టు చాలామందికి తెలియదు, తీసేస్తేనే తెలుస్తుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లు ఆ 41ని పలికించలేవు, పై అనుస్వరాలని బట్టి మన బుర్రే ఊహించుకుంటుంది. ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇళయరాజా 'గీతాంజలి' (1989) పాటలు వినండి, కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది.

సరే, విషయానికొస్తే.. మొదటి బేస్ చవకదీ, పాతదీ అయ్యుండాలన్నది నా వాదన. లోపల ఉన్నది అయస్కాంతం, దానికి చుట్టిన రాగితీగ. పైన ఉక్కుతీగ ఊగితే కరెంటు పుడుతుంది, అంతే. నా దాంట్లో బ్యాటరీ కూడా లేదు. వర్షన్లు లేవు, అప్‌డేట్లు లేవు. ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా ఇలాగే పుడుతుంది. పైగా మొదటి ఆరు నెలల్లో వచ్చే చెత్త శబ్దాలకి కారణం మన వేళ్ళే, లక్ష రూపాయలది తెచ్చినా అదే శబ్దం ఇంకాస్త స్పష్టంగా వస్తుంది. మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. మనం పది వేళ్ళున్నాయని పది సామాన్లు కొంటాం.

నాసిరకం వాయిద్యం ఉన్న ఆసక్తిని కూడా చంపేస్తుంది అనేవాళ్ళున్నారు. సగం నిజమే. మెడ వంగిపోయి తీగలు పైకి లేచిన బేస్ మీద వారం రోజులు నొక్కితే వేళ్ళు బొబ్బలెక్కి వదిలేస్తారు. కానీ టెస్టింగ్ మనకి కొత్తా? ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా నొక్కి చూడండి, ఎక్కడైనా జుయ్‌మంటోందేమో. పన్నెండో మెట్టు దగ్గర తీగని ఊరికే తాకి మీటినప్పుడూ, నొక్కి మీటినప్పుడూ ఒకే స్వరం రావాలి, ఫోనులో ట్యూనర్ ఉంటే చాలు. గీతలు వదిలెయ్యండి. నా దానికి మెడ కొంచెం వంగి ఉంది. లోపలున్న ఉక్కు కడ్డీని అలెన్ కీతో రోజుకి పావు తిప్పు చొప్పున నాలుగు రోజులు బిగించాను. తీగలు దిగాయి. ఏ రిలీజుకీ అంత సంతోషపడలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. పోయినేడు మా అమ్మాయి కీబోర్డు గ్రేడ్ పరీక్షలో మార్కులు తక్కువొస్తే, "ఫోకస్ లేనప్పుడు ఫీజు దండగ" అని క్లాసు మాన్పించింది నేనే. అది ఏమీ అనలేదు. మొన్న రాత్రి నేను తప్పులతడకగా వాయించుకుంటుంటే గుమ్మంలో నిలబడి అడిగింది.

"నాన్నా, నీకు పరీక్ష ఎప్పుడు?"

"పరీక్ష లేదమ్మా."

"మరెందుకు నేర్చుకుంటున్నావ్?"

"బాగుంటుందని" అన్నాను. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

మర్నాడు కీబోర్డు అటక మీంచి దింపాను. అడాప్టర్ కనపడలేదు, కొత్తది తెప్పించాను. ఇప్పటివరకూ అది దాని జోలికి వెళ్ళలేదు, నేనూ వెళ్ళమనలేదు. బేస్ మాత్రం సంచిలో పెట్టకుండా సోఫా మీదే వదిలేస్తున్నాను. ఆ 600 డాలర్ల గిటారు ముట్టుకోవద్దని దానికి చిన్నప్పుడు చెప్పిందీ నేనే లెండి.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి జి తీగ శ్రుతి తప్పి ఉంది. ఎవరు ముట్టుకున్నారంటే ఎవరూ పలకలేదు. శ్రుతి చేసి మళ్ళీ అక్కడే పెట్టాను.