కిటికీ వేరు, వంట వేరు

ప్రియమైన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో కంప్యూటర్ కోర్సులు చదువుతున్న మన హాస్టల్ పిల్లలకు ఈ నాలుగు మాటలు.

వెబ్ సర్వీసు అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మన హాస్టల్లో భోజనం వడ్డించే కిటికీని చూడండి. పళ్ళెం అందుకోవడం, వడ్డించి ఇవ్వడం కిటికీ పని. వంట జరిగేది లోపల. యాక్సిస్, డాట్‌నెట్, స్ప్రింగ్, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్కులు చేసేది ఆ కిటికీ పనే. బయటినుంచి వచ్చిన దరఖాస్తును విప్పి, లోపలి ప్రోగ్రాంలో తగిన ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన జవాబును తిరిగి పంపుతాయి. కొందరు మాత్రం కిటికీ దగ్గరే పొయ్యి పెడుతున్నారు. అంటే అర్హత నిబంధనలన్నీ సర్వీసు కోడ్‌లోనే రాసేస్తున్నారు. అది సరికాదని నా అభిప్రాయం.

ఎందుకంటే కిటికీలు మారుతుంటాయి. 2002లో కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో సమాచార కేంద్రాలు పెట్టాయి. 2011 నవంబరులో మీసేవ అప్పటి మన చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. 2019లో గ్రామ సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర వచ్చాయి. ఆదాయ ధ్రువపత్రానికి మూలం మాత్రం రెవెన్యూ శాఖే. ఆదాయ పరిమితిని ప్రతి కిటికీలోనూ విడివిడిగా రాస్తే, ప్రభుత్వం దాన్ని పెంచిన రోజు ఒకచోట మారుస్తారు, ఇంకోచోట మరిచిపోతారు. కూలివాళ్ళ బిడ్డ ఒక కిటికీలో అర్హురాలు, పక్క కిటికీలో అనర్హురాలు అవుతుంది.

జిల్లా పేరు సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పాత సర్టిఫికెట్లో ఒక జిల్లా, కొత్త దరఖాస్తులో ఇంకో జిల్లా! రెంటినీ సరిచూసే పని లోపల ఒకే చోట ఉంటే, ఒక్క సవరణతో సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. లోపలి సర్వర్ పలకకపోతే కిటికీ "జవాబు రాలేదు, మళ్ళీ ప్రయత్నించండి" అనాలి. "అర్హత లేదు" అనకూడదు. ఈ తేడా తెలియని ప్రోగ్రాం వల్ల స్కాలర్‌షిప్ ఆగిపోతే, ఫీజు కట్టలేక చదువు మానేది మనలాంటివాళ్ళే.

చిన్న ప్రాజెక్టుకు ఇంత విభజన ఎందుకని అడగొచ్చు. లోపలి ప్రోగ్రాంను విడిగా రాసుకుంటే, నెట్ లేని ల్యాబులో కూడా పరీక్షించుకోవచ్చు. తప్పు కిటికీలో ఉందో, వంటలో ఉందో వెంటనే తెలుస్తుంది. అలవాటు చిన్న ప్రాజెక్టులోనే పడాలి.

రేపు మీలో ఎవరో ఒకరు ఇలాంటి సర్వీసు రాస్తారు. కిటికీ ముందు వరుసలో నిలబడేది ఎవరో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ళను గుర్తుపెట్టుకుని రాయండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్న,
పూర్వ విద్యార్థి