పని ఒక మూలకు, మన వాడ ఒక మూలకు

హైదరాబాద్‌లో ఏ పని ఎక్కడ పడితే అక్కడ దొరకదు. మందుల తయారీ బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు దిక్కు. కంప్యూటర్ కొలువులు మాదాపూర్, గచ్చిబౌలి దిక్కు. రోజుకూలీకైతే అడ్డా. ఇది తలరాత కాదు. దీని వెనుక ఒక లెక్క ఉంది.

1960లలో కేంద్ర ప్రభుత్వం బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చినవాళ్లలో కొందరు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. అక్కడ పనిచేసిన అంజిరెడ్డే 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. పనితెలిసినోళ్లు, ముడిసరుకు అమ్మేటోళ్లు, యంత్రాలు బాగుచేసేటోళ్లు ఒక్కకాడ ఉంటే కొత్త కంపెనీ కూడా అక్కడికే వస్తది. పని పనిని పిలుస్తది.

ఆ పిలుపు ఎవరి చెవిన పడుతుందని మేము అడుగుతున్నాం. ఖాళీ ఉందనే కబురు చుట్టాల నుంచి, దోస్తుల నుంచి, కలిసి చదివినోళ్ల నుంచి నడుస్తది. ఊరి బస్సు దిగిన మాదిగ పిల్లగానికి పట్నంలో తెలిసిన అన్న అడ్డా మీదనో, చెత్తబండి మీదనో ఉంటడు. వీడూ అక్కడికే పోతడు. ఊళ్లో పనులు పంచింది కులం. పట్నంలో అదే పంపకం పరిచయాల పేరుతో సాగుతున్నది.

బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలలో రిజర్వేషన్ ఉంది. లోపల చుట్టం లేకున్నా రోస్టరు మనోళ్లను పిలిచింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక కొత్త కొలువులు మాదాపూర్ దిక్కు మళ్లినయ్. రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ ఫ్యాక్టరీ గేటు దాటలేదు. అద్దాల మేడల్లో మనోళ్లు లేరా? ఉన్నారు, ఊడ్చేకాడ, కాపలాకాడ, కాంట్రాక్టరు కింద!

ప్రైవేటు సొమ్ము, మీకెందుకు అంటారు. హైటెక్ సిటీని కట్టింది ప్రైవేటు కంపెనీ ఒక్కటే కాదు. అందులో ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ భాగస్వామి. అక్కడికి పోయే రోడ్లు ప్రజల సొమ్ముతో వేసినవి. ప్రజల సొమ్ము తిన్న కొలువులో ప్రజలందరికీ వాటా ఉండాలె.

అందుకే మేము కోరేది: సర్కారు రాయితీ పొందే ప్రతి కంపెనీలో రిజర్వేషన్ పెట్టాలె. ప్రతి ఖాళీనీ బహిరంగంగా ప్రకటించాలె. కొలువులున్న దిక్కే మన పిల్లలకు హాస్టళ్లు కట్టాలె.

సంఘాలు చేయాల్సిన పనీ ఉంది. లోపలికి చేరిన ప్రతి తమ్ముడూ, ప్రతి చెల్లె ఖాళీల కబురు వాడకు పంపాలె. అది ప్రతి పక్షం అంబేద్కర్ విగ్రహం కాడ బోర్డు మీద రాయాలె. కబురు వాళ్లింట్లోనే తిరిగినన్నాళ్లూ కొలువు వాళ్లింట్లోనే ఉంటది!