పంచాంగమే సర్దుకుంటుంది, మనం సర్దుకోలేమా?

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఉగాది పచ్చడి రుచి చూసి, పంచాంగ శ్రవణం విని, మీ మీ రాశులకు ఆదాయమెంతో వ్యయమెంతో లెక్క చూసుకుని ఉంటారు. ఈ ఏడాది పేరు తెలియగానే మా వదినగారు ఫోను చేశారు. "ఇదేం పేరమ్మా, పరాభవ అట! పిల్లకు సంబంధాలు చూస్తున్నాం. ఈ ఏడు ఆగమంటావా?" అని అడిగారు. నాకు నవ్వు వచ్చింది. అరవై పేర్ల వరుసలో అది 40వది. వంతు వచ్చింది కనుక 2026 మార్చి 19న వచ్చింది, అంతే! ఇంతకు ముందు ఇదే పేరు 1966లో వచ్చింది. అప్పుడు నేను నంద్యాలలో మా అమ్మ పక్కన కూర్చుని పలక మీద అ ఆ లు దిద్దుకుంటున్నాను. నాకు అక్షరాలు వచ్చింది పరాభవలోనే. అందుచేత ఆ పేరంటే నాకేమీ భయం లేదు.

నిజం చెప్పాలంటే నాకు పరాభవం జరిగింది పోయిన ఏడాది. 2025 మార్చి 30న విశ్వావసు ఉగాదినాడు కొత్త నోటుబుక్కు తీసి, పసుపు బొట్టు పెట్టి, మూడు సంకల్పాలు రాసుకున్నాను. ఒకటి, రోజూ తెల్లవారుజామున అయిదింటికి లేచి గంటసేపు నడవాలి. రెండు, పోతనగారి భాగవతం మొత్తం చదవాలి. పన్నెండు స్కంధాలు, పన్నెండు నెలలు, లెక్క చక్కగా కుదిరింది. మూడు, దసరా లోపల మా మనవరాలికి తెలుగు చదవడం, రాయడం పూర్తిగా నేర్పాలి.

ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. నడక మూడు వారాలు సాగింది. ఆ తరువాత మోకాలు పట్టేసింది. అది తగ్గేసరికి వానలు మొదలయ్యాయి. భాగవతం రెండో స్కంధం దగ్గర ఆగిపోయింది. నెలలన్నీ ఇంచుమించు ఒకే కొలత కానీ స్కంధాలు అలా కాదు కదా! దశమ స్కంధం ఒక్కటే పూర్వభాగం, ఉత్తరభాగం అని రెండుగా ఉంటుంది. ఆ సంగతి లెక్క వేసేటప్పుడు నాకు తట్టనే లేదు. ఇక మనవరాలి చదువా? బడి తెరవగానే పరీక్షలు, నాట్యం క్లాసు, హోంవర్కు. దసరాకు ఆ పిల్లకు వచ్చినవి అచ్చులు మాత్రమే. మావారు ఆ నోటుబుక్కు చూసి, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని ఊరుకున్నారు. ఆయన తన వ్యాయామం సంగతి మాత్రం ఎత్తలేదనుకోండి.

ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి సుభాషితాలలో మూడు రకాల మనుషుల మాట వస్తుంది. ఆటంకాలకు జడిసి అసలు మొదలే పెట్టనివారు ఒకరు. మొదలుపెట్టి, విఘ్నం రాగానే విడిచిపెట్టేవారు రెండోరకం. ఎన్ని విఘ్నాలు వచ్చినా విడవని ధీరులు మూడోరకం. మనల్ని ఆరంభశూరులని లోకం ఎప్పుడో రెండోరకంలో వేసేసింది. కానీ సంసారం చేసేవాళ్ళకు నాలుగోరకం ఒకటి ఉండాలని నాకనిపిస్తుంది. విడిచిపెట్టి, కొన్నాళ్ళకు మళ్ళీ పట్టుకునేవారు. పొయ్యి మీద పాలు పొంగితే రాస్తున్న ఉత్తరం ఆపి లేస్తాం. పాలు దించాక మళ్ళీ వచ్చి రాస్తాం. అది ఓటమి అని ఎవరూ అనరు.

నన్ను మళ్ళీ పట్టుకునేలా చేసింది దీపావళి ముందు చేసిన ఇల్లు దులుపుడు. అటక మీది ట్రంకుపెట్టె దించితే అందులో మా అమ్మ రాసిన ఇన్లాండు కవర్లు కట్టగా కనిపించాయి. పెళ్ళయి నేను బెంగళూరు వచ్చిన కొత్తలో రాసినవి. మనవరాలు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముంది అవ్వా?" అని అడిగింది. "మీ నాన్నను చదవమను" అన్నాను అలవాటుగా. అన్న తరువాత నాకే గుర్తొచ్చింది, మా అబ్బాయికీ తెలుగు చదవడం రాదని! ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బడిలో నేర్చింది కన్నడం, ఇంగ్లీషు. మా అత్తవారు మూడు తరాల కిందట చిక్కపేటలో బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు నిలిచింది, చదువు నిలవలేదు. మావారిది కూడా కూడబలుక్కునే చదువే. అంటే నా తరువాత ఆ కట్ట ఈ ఇంట్లో ఉత్త కాగితాల కట్ట. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు నోటుబుక్కు తీసి మూడో సంకల్పం కొట్టేశాను. "తెలుగు పూర్తిగా నేర్పాలి" అనేదానికి అంతెక్కడ? ఎంత నేర్పినా ఇంకా మిగిలే ఉంటుంది. దాని బదులు "ఉగాదికి అమ్మ ఉత్తరం ఒక్కటి తనంతట తను చదవాలి" అని రాశాను. ఏ ఉత్తరమో కూడా ఎంచాను, అన్నిటికంటే చిన్నది. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం దీపం పెట్టిన తరువాత పది నిమిషాలు. అసలు తీరిక లేని రోజున ఒక్క మాట, కేలండరు మీద వారం పేరో పండుగ పేరో చదివితే చాలు. ఒక వారం తప్పితే వచ్చేవారం దానికి వడ్డీ కట్టనక్కరలేదు, మామూలుగా మొదలుపెట్టడమే.

ఈ పద్ధతి నడిచింది. సంక్రాంతి వారం పూర్తిగా పోయింది. ఆ పిల్లకు జ్వరం వచ్చి ఇంకో పదిహేను రోజులు పోయాయి. అయినా పని ఆగలేదు. పైగా కన్నడం చదివే పిల్ల కనుక గ, బ, ర, ల చూడగానే పోల్చుకుంది. క, త దగ్గరా, మన తలకట్టు దగ్గరా తడబడింది. చోటును బట్టి సులువు, కష్టం మారతాయని అప్పుడు తెలిసింది. షోలాపూరులో మరాఠీ చదివే పిల్లలకూ, బరంపురంలో ఒడియా చదివే పిల్లలకూ క ఖ గ ఘ వరుస ముందే తెలుసు, ఆకారాలు నేర్పితే సరిపోతుంది. తమిళంలో ఆ నాలుగింటికీ ఒకే అక్షరం కనుక మద్రాసు పిల్లలకు ఒత్తక్షరాలు వినిపించి, పలికించి నేర్పాలి, ఇంకో రెండు నెలలు ఎక్కువ పడుతుంది. యానాం వారికి వీధిలోని బోర్డులే పాఠాలు! పక్కింటివారి లెక్క చూసి మన గడువు పెట్టుకోకూడదనడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

మిగిలిన రెండు సంకల్పాలకూ ఇదే వైద్యం చేశాను. పెద్దవాళ్ళకు వారానికి 150 నిమిషాలు చురుకైన నడకవంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది రోజూ గంట కాదు, అయిదు రోజులు అరగంట చొప్పున. ఆ అరగంటనైనా ఒకేసారి నడవనక్కరలేదు. పాలకు పోయివచ్చేటప్పుడు పది నిమిషాలు, మధ్యాహ్నం పది, సాయంత్రం గుడికి పది. ఇప్పుడు మోకాలూ ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. భాగవతం మొదటినుంచి కాకుండా అష్టమ స్కంధం తీశాను. గజేంద్రమోక్షం, వామన చరిత్ర ఉన్నది అందులోనే. చిన్నప్పటినుంచి విన్న కథలు కనుక చదువు సాగుతోంది. మొత్తం ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే, పూర్తయినప్పుడు ఈ శీర్షికలోనే చెబుతాను.

సంకల్పం మార్చుకుంటే మాట తప్పినట్టు కాదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అప్పుడు కొత్త పంచాంగం తిరగేశాను. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 వరకు. చాంద్రమాన సంవత్సరానికి ఇంచుమించు 354 రోజులు, సౌరమానానికి 365. ఏటా పదకొండు రోజులు వెనకబడుతూ పోతే పండుగలు ఋతువులు తప్పుతాయి. అందుకని రెండున్నర మూడేళ్ళకు ఒకసారి పెద్దలు ఒక నెల కలిపి లెక్క సరిచేశారు. పంచాంగమే తన లెక్క తప్పుతుందని ముందే ఒప్పుకుని, సర్దుకోవడానికి చోటు ఉంచుకుంది. మన సంకల్పాలకు ఆ మాత్రం అధికమాసం ఉండవద్దా? నిజానికి బయట స్థిరపడిన మనకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. జనవరి ఒకటి తప్పిందా, ఉగాది ఉంది. అదీ తప్పితే ఏప్రిల్ నడుమ తమిళుల పుత్తాండు, ఒడియావారి పణా సంక్రాంతి ఉన్నాయి. అదీ జారితే దీపావళికి కొత్త ఖాతాపుస్తకం తెరిచేవారు మన వీధిలోనే ఉన్నారు. మళ్ళీ మొదలుపెట్టడానికి ముహూర్తాల కొరత లేదు.

ఇంతకీ ఉత్తరం సంగతి చెప్పలేదు కదూ! ఉగాదికి మొత్తం చదువుతుందనుకున్నాను. నాలుగు వరుసలే అయ్యాయి. మొదటి మాట దగ్గరే ఆగి, "చి. ల. సౌ. అంటే ఏ భాష అవ్వా?" అంది. చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని వివరించేసరికి ఒక సాయంత్రం అయిపోయింది. పండుగనాడు పచ్చడి తిన్నాక, వేలు పెట్టి కూడబలుక్కుంటూ నాలుగో వరుస చదివింది. ఈ ఏడు మామిడికాయలు ఆలస్యం, ఊరగాయ పెట్టాక మీ నాన్నగారితో పంపుతాను అని ఉంది అందులో.

"పంపించిందా అవ్వా?"

"పంపించింది. ఆ జాడీ ఇంకా అటక మీదే ఉంది."

ఇప్పుడు జాడీ దించమని పేచీ పెడుతోంది. దించాలి. మిగిలిన వరుసలకు అధిక జ్యేష్ఠం దాకా గడువు ఇచ్చాను. మీ ఇళ్ళలోనూ ఇటువంటి కట్ట ఒకటి ఉండే ఉంటుంది. వెతికి, అందులో అన్నిటికంటే చిన్న ఉత్తరం తీసి పక్కన పెట్టండి. ఏ వరుస దాకా వచ్చారో వచ్చే సంచికకు రాయండి.