రోలును బావియు

సోదరీమణులారా, మీ యింటి రాతిరోటిని నీళ్లతో కడిగి యొకమారు పరికింపుడు. అది గ్రానైటుదైనచో తెలుపు, గులాబి, నలుపు వన్నెల పలుకులు వేరువేరుగా కానవచ్చును. ఆ పలుకులు కంటికి కనబడునంత పెద్దవగుటకు నిదానమే కారణము.

భూమి లోతున కొన్నియెడల రాయి కరగి ద్రవమగును. దీనిని మాగ్మా యందురు. చుట్టునున్న రాతికంటె తేలికయగుటచే నది పైకి ప్రాకును. కాని పెక్కుసార్లు నేలను చేరకయే నడుమ నిలిచిపోవును. మీది రాతిపొరలు దుప్పటివలె కప్పియుండుటచే నది వేలకొలది, ఒక్కొక్కయెడ లక్షలకొలది యేండ్లు మెల్లగా చల్లారును. పాకము కదలక నిదానించినపుడు పటికబెల్లము పెద్ద పలుకులు కట్టునట్లే యిదియు కట్టును. నేలపైకి పొంగిన లావా త్వరగా చల్లారుటచే దాని పలుకులు కంటికానవు. వికారాబాదు ప్రాంతపు నల్లరాయి యట్టిది. గోలకొండ కోట నిలిచిన గుట్ట మాత్రము లోతున చల్లారిన గ్రానైటు. దాని వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. పైపొరలు అరిగిపోగా నేడది మనకు కనబడుచున్నది.

ఇట్లు గట్టిపడిన గ్రానైటు పిమ్మట పగుళ్లు వారగా, వానిలోనికి వేరొక మాగ్మా చొరబడి, నిలువుగోడవలె గడ్డకట్టినది. దీనిని డైకు అందురు. పొరల నడుమ పరుపువలె పరచుకొన్నచో సిల్లు అందురు. కడప సీమలో పులివెందుల చెంత నిట్టివి కలవు. తెలంగాణమునను అనంతపురము సీమలోను చేలకడ్డముగా బారులు తీరియుండు నల్లగుండ్ల వరుసలు పెక్కు డైకులే.

ఈ రాతిగోడతో మనకేమి పని యందురా? బిందె మోయువారికే పని కలదు. పగుళ్లులేని డైకు నేలలోపలి నీటికి ఆనకట్టవంటిది. నీరు వచ్చు వైపున బావి నిండియుండగా, ఆవలి బావి యెండిపోవచ్చును. డైకు పగిలియున్నచో నదియే నీటికి దారియు కాగలదు.

పొరుగింటి బావిలో నీరుండి తమ బావి యెండినపుడు, క్రొత్తకోడలి పాదము మంచిది కాదనువారిని మేమెరుగుదుము. అమ్మలారా, ఆ పిల్ల పుట్టుటకు కోట్ల యేండ్ల ముందే ఆ గోడ కట్టబడినది! నిందను మానుడు. నగలు కుదువబెట్టి బోరు వేయించుటకు ముందు చేనిలో నల్లగుండ్ల వరుస యెటు సాగినదో చూచి, భూగర్భజల శాఖవారి నడుగుడు. నగయు నిలుచును, కోడలి మనసును నిలుచును.